16 ప్రాసెసర్లు పెట్టినా నత్తనడకేనా?

ప్రశ్న: పంటల తెగుళ్లు గుర్తించే ఎక్స్‌పర్ట్ సిస్టమ్‌ను (నిపుణుడిలా 'ఇలా ఉంటే ఇది' అనే రూల్స్‌తో తేల్చే ప్రోగ్రాము) క్లిప్స్ అనే టూల్‌లో రాశాను. నా ల్యాప్‌టాప్ ఇంటెల్‌ది, కోర్లు నాలుగే. అందుకని క్యూఎములో (ఒక కంప్యూటర్‌లో ఇంకో కంప్యూటర్‌ను అనుకరించే, అంటే ఎమ్యులేట్ చేసే సాఫ్ట్‌వేర్) 16 ప్రాసెసర్ల ఏఆర్ఎం (ఫోన్లలో ఉండే రకం చిప్) మెషీన్ పెట్టి నడిపితే ముందుకన్నా నెమ్మదైంది. ప్రాజెక్టు రివ్యూ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది. ఎక్కడ తేడా కొట్టింది?
– ఎంటెక్ విద్యార్థి, కాకినాడ

జవాబు: రూల్స్ జోలికి పోకండి, వాటి తప్పేం లేదు. గెస్ట్‌లో (క్యూఎము లోపలి మెషీన్‌లో) టాప్ కమాండ్ కొట్టి 1 నొక్కండి. ఒక్క ప్రాసెసర్ వందకి వంద చూపిస్తుంటుంది, మిగతా 15 ఖాళీ. క్లిప్స్ రూల్ ఇంజిన్ నడిచేదే ఒక థ్రెడ్‌లో (ఒకే పని వరుసలో) మరి. పైగా ప్రతి ఏఆర్ఎం ఇన్‌స్ట్రక్షన్‌నూ ఇంటెల్ భాషలోకి మార్చే చాకిరీ కూడా ఆ నాలుగు కోర్ల నెత్తినే పడుతుంది. 2017లో 2.9 వెర్షన్ రాకముందైతే ఎన్ని ప్రాసెసర్లు అడిగినా క్యూఎము వాటిని ఒకే థ్రెడ్ మీద వంతులవారీగా తిప్పేది.

అసలు హార్డ్‌వేరే కొన్నా మరీ ఆశ పెట్టుకోవద్దు. రూల్ సిస్టమ్స్‌కు సమాంతరంగా నడపడం వల్ల వచ్చే వేగం సుమారు పది రెట్లేనని అనూప్ గుప్తా 1986లోనే కార్నెగీ మెలన్ థీసిస్‌లో తేల్చారు, ఎందుకంటే ఒక ఫ్యాక్ట్ (సిస్టమ్‌కిచ్చిన సమాచారం) మారితే కదిలేది కొద్దిపాటి రూల్సే.

మరి ఎమ్యులేషన్ దేనికంటే, ప్రాసెస్‌లు ఒకదానికొకటి ఎక్కడ అడ్డం పడుతున్నాయో చూడ్డానికి. అదే యూనివర్సిటీలో మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి స్పీచ్ బృందం మాటలు గుర్తించే హియర్సే-2 సిస్టమ్‌ను తయారుచేసింది. అందులో రకరకాల నిపుణ ప్రోగ్రాములు ఒకే బ్లాక్‌బోర్డు (అన్నీ కలిసి వాడే మెమరీ) మీద తమ ఊహలు రాస్తూ, దిద్దుతూ మాటను పట్టుకుంటాయి. దాన్ని మల్టీప్రాసెసర్ మీద నడిపితే ఎలా ఉంటుందో ఫెన్నెల్, లెస్సర్ సిమ్యులేషన్‌తోనే చూసి 1977లో పేపర్ వేశారు. బోర్డు మీద ఒకరు రాస్తుంటే ఇంకొకరు లాక్ (ఒకసారికి ఒకరే రాసేలా వేసే తాళం) కోసం ఆగాలి కదా, అసలు చిక్కంతా అక్కడే.

మీరూ రూల్స్‌ను విడి ప్రాసెస్‌లుగా చేసి క్యూఎములోని ఐకౌంట్‌తో (నడిచిన ఇన్‌స్ట్రక్షన్లు లెక్కపెట్టే ఆప్షన్) రికార్డు-రీప్లే పెట్టండి, ఒకసారి దొరికిన రేస్ కండిషన్ (ఎవరు ముందన్న దాన్నిబట్టి ఫలితం మారే తప్పు) మళ్లీ అదే వరుసలో వస్తుంది. ఒక్క మెలిక ఉంది, ఇంటెల్ చిప్ మెమరీ క్రమాన్ని ఏఆర్ఎం కన్నా గట్టిగా పాటిస్తుంది కాబట్టి, బారియర్ (మెమరీ పనులు వరుస తప్పకుండా ఆపే ఇన్‌స్ట్రక్షన్) మర్చిపోయిన కోడ్ మీ దగ్గర బుద్ధిగా నడిచి అసలు ఏఆర్ఎం బోర్డు మీద బోల్తా కొట్టొచ్చు.

రివ్యూకి వేగమే చూపించాలంటే ఏఆర్ఎం వదిలేసి ఎక్స్86 (ఇంటెల్ రకం) గెస్ట్‌కి మారండి, కేవీఎం (గెస్ట్ కోడ్‌ను మార్చకుండా నేరుగా మీ చిప్ మీదే నడిపే లినక్స్ సదుపాయం) ఆన్ చేసి నాలుగు ప్రాసెసర్ల దగ్గర ఆపండి.