మాంసం గడ్డకట్టి ఉంది, చుట్టాలు గుమ్మంలో ఉన్నారు

ప్రశ్న: నమస్కారమండీ. మొన్న ఆదివారం రాత్రి భోజనానికి మా ఆడపడుచు కుటుంబం వచ్చింది. కిలో చికెన్ ఫ్రీజరులో ఉంది. మధ్యాహ్నమే తీయాలనుకున్నాను కానీ, బాబుకు జ్వరం రావడంతో మరచిపోయాను. సాయంత్రం ఆరున్నరకు తీస్తే బండరాయిలా ఉంది. ఉల్లిపాయలు వేయించి, గసగసాలు, కొబ్బరి నూరి మసాలా సిద్ధంగా పెట్టుకున్నాను. తోచక ఆ గడ్డను మరిగే నీళ్ళలో వేశాను. పైన ఉడికి తెల్లబడింది, లోపల మంచు మంచుగానే ఉంది. చివరికి హోటలు నుంచి తెప్పించాం. అత్తగారు ఆ మాట ఇంకా మరచిపోలేదు. ఇలాంటప్పుడు ఏం చేయాలి?
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: అమ్మా, బాబుకు జ్వరం తగ్గిందని తలుస్తాను. బిడ్డ ఒళ్ళు కాలిపోతుంటే ఫ్రీజరు గుర్తుకు రాకపోవడం తప్పు కాదు. ఆ మాట మీ అత్తగారికి నా మాటగా చెప్పండి.

మరిగే నీళ్ళ దగ్గరే పని చెడింది. కొత్తగా కాపురం పెట్టినప్పుడు నేనూ అదే చేసి, మాంసం మొత్తం పారేయవలసి వచ్చింది. వేడినీళ్ళలో పైభాగం ఉడుకుతుంది, నడిమి గడ్డ కదలదు. ఆ రెండింటి మధ్య ఉన్న మాంసం గోరువెచ్చగా ఉండిపోతుంది. 4 డిగ్రీల నుంచి 60 డిగ్రీల వరకు ఉన్న వేడిలోనే సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి. మైక్రోవేవ్ లేని ఇంట్లో తొందరగా కరగాలంటే చన్నీళ్ళే దారి. నీరు చొరబడని కవరులో మాంసం పెట్టి, చల్లటి నీళ్ళలో ముంచి, అరగంటకోసారి నీళ్ళు మార్చాలి. అరకిలోకు గంట పడుతుంది. మీ కిలో గడ్డకు గంటన్నర, రెండు గంటలు పట్టేది. అంటే ఎనిమిదిన్నరకు కానీ పొయ్యి మీదికి ఎక్కదు. చుట్టాలను అంతసేపు కూర్చోబెట్టలేం.

అందుకని ఆ రాత్రికి చికెన్‌ను వదిలేయవలసింది. ఒక గిన్నెలో పెట్టి ఫ్రిజ్ కింది అరలోకి మార్చితే మర్నాటి వంటకు పనికొచ్చేది. మీ చేతిలో మసాలా ఉంది కదా! కష్టమంతా అందులోనే ఉంది, కూరకు రుచీ దానిదే. అందులోకి గుడ్లు కొట్టి పోయండి.

మా చిన్నప్పుడు మా ఊళ్ళో ఆదివారం పొద్దున తప్ప మాంసం దొరికేది కాదు. ఆఖరి బస్సుకు చుట్టాలు దిగితే మా అమ్మ చేసిన కూర ఇదే. గుడ్లు ఉడకబెట్టి పెంకులు ఒలిచే సమయం కూడా ఉండేది కాదు. ఎనిమిది మందికి పది, పన్నెండు గుడ్లు చాలు. వెడల్పాటి, లోతు తక్కువ ఉన్న గిన్నె తీసుకోండి. మసాలాలో నాలుగు టమాటాలు తరిగి వేసి మెత్తబడనివ్వండి. పసుపు, ఉప్పు, కారం వేసి, రెండు గ్లాసుల వేడినీళ్ళు పోసి, నూనె పైకి తేలేదాకా ఉడికించండి. నిమ్మకాయంత చింతపండు పులుసు పోస్తే గుడ్డుకు ఇంకా బాగా నప్పుతుంది. ఉప్పు, కారం ఇప్పుడే సరిచూసుకోండి, తరువాత గరిటె పెట్టే వీలుండదు.

ఇక మంట బాగా తగ్గించండి. ఒక్కొక్క గుడ్డును ముందు చిన్న గిన్నెలోకి కొట్టి, బాగుందో లేదో చూసుకుని, పులుసు అంచుకు దగ్గరగా వంచి జార్చండి. ఒకదాని పక్కన ఒకటి, మధ్యలో కాస్త చోటు వదులుతూ పోయాలి. మూతపెట్టి ఎనిమిది నిమిషాలు కదపకండి. మూత తీస్తే తెల్లసొన బిగుసుకుని, దాని మడతల్లోకి ఎర్రటి పులుసు ఇంకి ఉంటుంది. గుడ్డపేలికతో గిన్నె రెండు చెవులూ పట్టుకుని మెల్లగా కుదిపితే గుడ్లు అడుగు విడిచి కదులుతాయి. అప్పుడు కొత్తిమీర చల్లి దించండి. ఉడకబెట్టిన గుడ్డుకు పులుసు పైనే అంటుతుంది, ఇందులో లోపలికీ పడుతుంది. వేడి అన్నంలోకి నాకు ఇదే ఎక్కువ ఇష్టం.

గుడ్లు తినని వారుంటే అదే మసాలాలో మీల్ మేకర్ వేయండి. ఉప్పు వేసిన వేడినీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి, చన్నీళ్ళలో రెండుసార్లు గట్టిగా పిండితే పచ్చివాసన పోతుంది. ఇంట్లో ఒక డబ్బా ఎండురొయ్యలు ఎప్పుడూ ఉంచుకోండి. తల, తోక తుంచి, నూనె లేకుండా వేయించి, వేడినీళ్ళలో రెండుసార్లు కడిగి వంకాయలోనో గోంగూరలోనో వేస్తే అరగంటలో కూర అయిపోతుంది.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం. నెలకోసారి మేకమాంసం తెచ్చి రెండేసి కిలోల పొట్లాలుగా ఫ్రీజరులో పెడతాం. వండాలనుకున్న రోజు ఎప్పుడూ కరగదు. ఉదయం బల్ల మీద పెట్టి ఆఫీసుకు వెళ్ళవచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: వద్దు నాయనా. బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు. 32 డిగ్రీలు దాటే ఎండల్లో అయితే గంటే. మన వేసవిలో వంటిళ్ళన్నీ ఆ లెక్కలోకే వస్తాయి, మీ డాలస్ వేసవి కూడా తక్కువదేమీ కాదు. ముందు రోజు రాత్రే ఫ్రిజ్‌లో పెట్టండి. రెండు కిలోలకు ఇంచుమించు ఒక రోజు పడుతుంది.

అసలు చిక్కు ఆ పొట్లంలో ఉంది. ఇకనుంచి అరకిలో చొప్పున కవర్లలో వేసి, గాలి తీసేసి, అరచేత్తో అదిమి వేలెడు మందాన పలకలా చేసి పడుకోబెట్టండి. గడ్డకట్టాక పుస్తకాల్లా నిలబెట్టుకోవచ్చు. కవరు మీద తేదీ రాయండి. ముద్దగా కట్టిన గడ్డకంటే ఈ పలక చన్నీళ్ళలో చాలా త్వరగా కరుగుతుంది. విడివిడి ముక్కలైతే గడ్డగానే కుక్కరులో వేసి వండినా తప్పులేదు, మామూలుకన్నా సగం సమయం ఎక్కువ పడుతుంది. రెండు కిలోల ముద్దను మాత్రం అలా వేయకండి.

ప్రశ్న: కరిగిన మాంసాన్ని మళ్ళీ ఫ్రీజరులో పెట్టవచ్చా?
– ఒక గృహిణి, కరీంనగర్

జవాబు: ఫ్రిజ్‌లోనే కరిగితే పెట్టవచ్చు, ముక్క కాస్త పిప్పిగా మారుతుందంతే. చన్నీళ్ళలోనో మైక్రోవేవ్‌లోనో కరిగించినదైతే వెంటనే వండేయండి. ఎక్కువైతే వండిన కూరనే డబ్బాలో పెట్టి ఫ్రీజరులో ఉంచుకోండి.