పత్తి చేలో జింకలు: సోలార్ కంచె కన్నా ముందు పక్క చేనాయనతో మాట్లాడండి

ఆలూరు దగ్గర పత్తి మొలకల్ని జింకలు మేసేస్తున్నాయి, సోలార్ కంచె వేయిస్తే ఆగుతాయా అని అడిగారు. మాదీ ఆ పక్కే, ఆస్పరి వైపు. నల్లరేగడి, వానను నమ్ముకున్న సేద్యం. ఆగినా, మీ చేను వరకే. పక్క చేలోకి పోతాయి. అక్కడి నుంచి మీకు జింకలతో కన్నా పక్క చేనాయనతో టెన్షన్ ఎక్కువవుతుంది.

మా చేలో జరిగింది చెప్తాను. మృగశిర వానకు గింజలు పెట్టాం. మొలకలు రెండాకుల మీదున్నాయి. తెల్లవారుజామున నాయనా నేనూ చేనికి పోయేసరికి మంద అప్పటికే దిగింది. ముందు మెలి తిరిగిన కొమ్ములతో నల్లటి మగది, వెనక ఆడవీ పిల్లలూ. నాయన డబ్బా మోగించాడు. ఒకటి గాల్లోకి ఎగిరింది, దాని వెంట అన్నీ ఎగురుకుంటూ గట్టు దాటి మామ కంది చేలో పడ్డాయి. మామ అంటే వరసకు మామ. ఆయన మంచె మీదే పడుకుని ఉన్నాడు. లేచి వడిసెల తిప్పి రాయి వదిలాడు. మంద తిరిగి మా మీదికి.

"ఏం బావా, మీ మందను నా చేలోకి తోలతావేం?" అని అక్కడి నుంచే అరిచాడు.

"నా మందా? నేనేమైనా పాలు పిండుకుంటున్నానా వాటికి?" అని నాయన.

మేం అటు తోలడం, ఆయన ఇటు తోలడం. ఇంతలో పై చేను పిల్లోడు బైకు మీద వచ్చి, హారన్ కొడుతూ మూడో వైపు నుంచి తరిమాడు. ఇక అవి ఎటు పోవాలో తెలీక మా చేలోనే గుండ్రంగా తిరిగాయి. జింక మేసేది కొంతే, మనం తరిమితే తొక్కేదే ఎక్కువ. పొద్దెక్కాక వాటంతట అవే కాలవ వైపు వెళ్లిపోయాయి. చేలో సాళ్లే కనబడలేదు. విత్తనాల ప్యాకెట్ 2025లో 901 రూపాయలు, ఎకరాకు రెండు ప్యాకెట్లు. మళ్లీ కొనాలి, మళ్లీ కూలీలను పిలవాలి, మళ్లీ వాన కోసం చూడాలి. నాయనా మామా ఆ పండక్కి కూడా మాట్లాడుకోలేదు.

కంచె సంగతికొస్తే, సోలార్ కంచెలో కరెంటు సెకనుకోసారి కొట్టి వదిలేస్తుంది. జంతువు బెదురుతుంది, చావదు. మంచిదే. కానీ తీగకు గడ్డి తగిలితే కరెంటు నేలలోకి పోతుంది, వానాకాలంలో గడ్డి కోస్తూనే ఉండాలి. పందిని ఆపినంత తేలిగ్గా జింకను ఆపలేదు. పైతీగ దాటి దూకుతుంది, తీగల మధ్య సందుంటే అందులోంచీ దూరుతుంది. బ్యాటరీని మాత్రం జింకలు ఎత్తుకుపోవు, దానికి మనుషులున్నారు.

స్తంభం నుంచి నేరుగా తీగ లాగి కరెంటు పెట్టే ఆలోచన మాత్రం కలలో కూడా వద్దు. రాత్రి నీళ్లు కట్టడానికి పోయిన రైతులే ఆ తీగలకు తగిలి చస్తున్నారు. రెండు రాష్ట్రాల్లో ఈ వార్త రాని ఏడాది లేదు.

మంగలి షాపు వెంట్రుకలు చల్లమని ఎవరో ఒకరు తప్పకుండా చెప్తారు. అది పందులకు. పంది నేలకు ముక్కు పెట్టి వాసన చూసుకుంటూ వస్తుంది కాబట్టి కొంత పనిచేస్తుంది. జింక కళ్లతో బతికే జంతువు, దూరం నుంచే చూస్తుంది. చుట్టూ పాత చీరలు కడితే కొన్నాళ్లు బెదిరాయి, తర్వాత ఆ నీడలోనే మేశాయి.

వేటాడితే ఏమవుతుందో మా ఊళ్లో బడికి పోనివాడికి కూడా తెలుసు, సల్మాన్ ఖాన్ పుణ్యమా అని. మా చేలల్లో దిగేది కృష్ణజింక, 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు, చంపితే మూడేళ్లకు తక్కువ కాకుండా జైలు. పైగా మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. ఆదివారం కార్లేసుకొచ్చి రీల్స్ తీసుకునేవాళ్లకు చాలా ముద్దొస్తుంది. మాకూ ముద్దే, మొలక లేని నెలల్లో. నష్టపరిహారం కోసం ఒక ఆఫీసుకు పోతే పంట కోతకొచ్చాక రమ్మన్నారు. మొలకే లేని చేనికి కోత ఎక్కడిదయ్యా?

నంద్యాల జిల్లా రోళ్లపాడు చూడండి. 1988లో బట్టమేక పిట్ట కోసం, అంటే గడ్డి మైదానాల్లో బతికే ఒక అరుదైన పెద్ద పక్షి కోసం, అభయారణ్యం పెట్టారు. గడ్డి కాపాడితే జింకలు పెరిగాయి, చుట్టుపక్కల చేలల్లో పడ్డాయి, రైతులకు అభయారణ్యమంటేనే ఒళ్లుమండింది. ఇప్పుడు అక్కడ బట్టమేక పిట్ట కనబడటం గగనం. జింకల్ని పట్టుకుపోవచ్చు కదా అంటారు. పట్టుకుంటే భయానికే గుండె ఆగి చచ్చే రకం అది. మధ్యప్రదేశ్‌లో 2025లో షాజాపూర్ వైపు హెలికాప్టర్‌తో మెల్లగా తోలి, గరాటు ఆకారంలో కట్టిన బోమా అనే దొడ్డిలోకి పంపి, లారీల్లో అడవులకు తరలించారు. మనకు ఆ హెలికాప్టర్ వచ్చేదాకా పత్తి ఆగదు.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇది. ఊరి బీడు మొత్తం దున్నేశాం. గొర్రెలకే లేదు, జింకలకు ఎక్కడుంటుంది? మిగిలిన కాస్త బీడు ఏ దిక్కున ఉందో చూసుకుని, అందరూ ఆ దిక్కుకే తోలాలి. మా వైపు ఆనుకున్న చేలవాళ్లం కూర్చుని వంతులు వేసుకున్నాం. ఇంటికొకరు, తెల్లవారుజామున, మళ్లీ సాయంత్రం. పరిగెత్తకుండా, అరవకుండా, వరసగా నడుస్తూ బీడు వైపు తోలడం. మొదటి నెల గట్టెక్కితే చాలు, మోకాటెత్తు పత్తిని అవి అంతగా ముట్టుకోవు. నన్నడిగితే దీన్ని మించిన కంచె ఏ కంపెనీ దగ్గరా లేదు. మామ నాయనతో మాట్లాడింది కూడా ఆ వంతుల లెక్క దగ్గరే, "రేపు నీది కదా బావా" అని.

ఇంకోటి. 2026 ఖరీఫ్ నుంచి అడవి జంతువుల నష్టాన్ని ఫసల్ బీమాలో చేరుస్తామని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. 72 గంటల్లో యాప్‌లో ఫోటోలు పెట్టాలి. ఏ జంతువు, ఏ ప్రాంతం అనేది రాష్ట్రం నోటిఫై చేయాలి కాబట్టి మీ రైతు సేవా కేంద్రంలో ముందే అడిగి పెట్టుకోండి.

మీ చేనికి ఏ వైపు బీడుంది, పక్కన ఎవరేం వేశారో రాయండి. పక్కన పెసర గానీ వేసి ఉంటే మంద ముందు అక్కడే దిగుతుంది, కాబట్టి మొదటి వంతు ఆయన్నే పెట్టుకోమనండి.