కొత్త కాపురానికి అమ్మమ్మ ఉత్తరం

చిట్టితల్లీ,

ప్రభువు కృపలో మీరిద్దరూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మొన్న ఫోనులో నువ్వన్న మాట నన్ను వదలడం లేదు. "హైదరాబాదు వచ్చాక గంటసేపు మోకరించే తీరికే దొరకడం లేదు అమ్మమ్మా, నా భక్తి చల్లారిపోతోందేమో" అన్నావు. అప్పుడు ఏదో ధైర్యం చెప్పి పెట్టేశాను. తీరిగ్గా రాయాల్సిన సంగతి ఇది.

గంటలు లెక్కపెట్టుకోకమ్మా. ఎనిమిదింటికల్లా బస్సు ఎక్కాల్సిన పిల్ల గంట ప్రార్థన అని నియమం పెట్టుకుంటే వారం తిరగకుండానే అది తప్పుతుంది. తప్పిందన్న బెంగతో ఉన్నది కూడా మానేస్తావు. పావుగంట చాలు. కాని రోజూ అదే చోట, అదే వేళకు కూర్చో. కొత్త నిబంధనలో 260 అధ్యాయాలు ఉన్నాయి. వారానికి ఐదు చదివితే ఏడాదికి సరిగ్గా పూర్తవుతాయి, వారంలో రెండు రోజులు మిగులుతాయి కూడా. సామెతలు 31 అధ్యాయాలు, ఏ తారీఖున ఆ అధ్యాయం తీయవచ్చు. చదివేది అచ్చు బైబిల్లోనే చదువు. ఫోనులో అయితే కీర్తన సగంలో ఉండగా కరెంటు బిల్లు గుర్తుచేస్తుంది, మనసు అటు పోతుంది.

అంతకన్నా కష్టమైనది ఒకటుంది. దాని గురించి నా కథే చెబుతాను.

మా అత్తగారు పోయాక ఆవిడ రాగి కాగు దగ్గర మా తోడికోడలికీ నాకూ మాటా మాటా పెరిగింది. రెండేళ్లు పలకరింపులు లేవు. అయినా ఇద్దరం ప్రతి ఆదివారం గుడికి వెళ్లేవాళ్లం, కీర్తనలు పాడేవాళ్లం. మన దక్షిణ ఇండియా సంఘం 1950లో సిద్ధం చేసుకున్న ఆరాధన క్రమంలో సమాధానం, అంటే శాంతి, ఒకరికొకరం అందించుకోవడం ఉంది కదా. అవతలివారి కుడి అరచేతికి మన కుడి అరచేయి ఆనించి, ఎడమ చేత్తో దాన్ని కప్పుతాం. ఒక ఆదివారం బెంచీ మీద తను నా పక్కకే వచ్చింది. తన వంతుగా చేయి చాపింది. కలుపు తీసీ తీసీ బొటనవేలి మొదట్లో పగుళ్లు పడిన చేయి. నేను వేళ్ల చివరలతో తాకి వదిలేశాను. నా చేతిని కప్పడానికి ఎత్తిన తన ఎడమ చేయి గాలిలోనే ఆగిపోయింది. దాన్ని నెమ్మదిగా ఒడిలోకి తీసుకుంది.

ఆ పూట నేను రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లలేకపోయాను. అర్పణను బలిపీఠం దగ్గరే వదిలిపెట్టి ముందు సహోదరునితో సమాధానపడమని ప్రభువు చెప్పింది మత్తయి ఐదో అధ్యాయంలో ఎన్నిసార్లు చదివానో! మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. "అక్కా, కాగు నువ్వే ఉంచుకో. నీతో మాట్లాడకపోవడం నా తప్పు" అన్నాను. తను చాలాసేపు పలకలేదు. ఆ తర్వాత "అన్నం తిన్నావా?" అంది. పచ్చిపులుసుతో పెట్టింది, తిన్నాను.

అందుకే చెబుతున్నాను. మీ అత్తగారితోనో ఆడబిడ్డతోనో మాట పడితే శనివారం సాయంత్రానికే వెళ్లు, లేదా ఫోను చేయి. తప్పెవరిదో తేలేదాకా ఆగకు. "నువ్వూ అన్నావు కదా" అన్న మాటతో మాత్రం మొదలుపెట్టకు, వెళ్లిన పని చెడిపోతుంది. మీ ఆలుమగల మధ్య అయితే సూర్యుడు అస్తమించకముందే అని పౌలు గడువు పెట్టాడు.

ఇక ఇవ్వడం గురించి. మా అమ్మ పొయ్యి పక్కన మూత లేని డబ్బా ఒకటి ఉండేది. ఎసట్లో బియ్యం పోసే ముందు అందులోంచి పిడికెడు తీసి ఆ డబ్బాలో వేసేది. అవి సంఘానికి. కొలత బియ్యమే ఉన్న రోజున కూడా ఆ పిడికెడు తప్పలేదు. అలాంటి రోజుల్లో తను గంజితో సరిపెట్టుకునేదని పెద్దయ్యాకే నాకు అర్థమైంది. తిరునల్వేలి ప్రాంతం నుంచి దోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్న అజరయ్య గారు 1912లో బిషప్పు అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు ఆయనే. కూలి చేసుకునేవారు కూడా తమ సంఘాన్ని తామే పోషించుకోవాలని ఆయన నేర్పారు, ఇవ్వడం మీద ఒక పుస్తకమే రాశారు. మీ జీతాలు బ్యాంకులో పడతాయి. అద్దె కట్టకముందే దేవుని భాగం పక్కన పెట్టండి. మిగిలితే ఇద్దామనుకుంటే ఏ నెలా మిగలదు. అయినా బియ్యం డబ్బా కూడా పెట్టుకో, చేతికి ఆ అలవాటు ఉండాలి.

మీ ఇంట్లో అంట్లు తోమే ఆమెకు ఒకటో తారీఖు దాటనివ్వకుండా జీతం ఇవ్వు. పనివారి కూలి బిగబట్టినవారి మీద ఆ కూలే మొరపెడుతుందని యాకోబు రాశాడు. రెండు రోజులు రాలేదని కోత పెట్టకు, ఆమె పిల్లకు జ్వరమేమో అడుగు.

జబ్బు చేస్తే ప్రార్థన చేయి, డాక్టరు దగ్గరికీ వెళ్లు. పౌలుతో ఉన్న లూకా వైద్యుడే. ఎవరో తల మీద చేయి పెట్టారని మాత్రలు మానేయవద్దు. డబ్బు పంపితే స్వస్థత పంపుతామనేవారికి ఒక్క రూపాయి కూడా పంపకు. ఈ మాట కోపంగానే రాస్తున్నాను. మన వాడలోనే ఒకామె షుగరు మందులు అలా ఆపేసి కాలు పోగొట్టుకుంది.

పొరుగువారితో కలుపుగోలుగా ఉండు. ఇంట్లో ప్రార్థన కూటం పెట్టుకుంటే మైకు వద్దు, పక్కింట్లో పరీక్షలకు చదివే పిల్లలు ఉంటారు. క్రిస్మస్‌కు అరిసెలు వండితే మొదటి పళ్లెం వారికే పంపు.

అబ్బాయి చేత ఒక డబ్బా పంపిస్తున్నాను. మూత లేదు, మా అమ్మదే. మన గుడిలో కోత పండుగకు మీరిద్దరూ వచ్చేటప్పుడు అందులో ఎంత పోగైతే అంత తీసుకురండి.

దీవెనలతో,
అమ్మమ్మ