ల్యాప్‌టాప్‌ బేరం ఆపు

చిట్టీ,

మొదటి జీతంతో ట్యాబ్ కొంటున్నావని మీ అమ్మ చెబితే మురిసిపోయాను. దానికోసం ల్యాప్‌టాప్ అమ్మేస్తున్నావని కూడా చెప్పింది. అప్పటినుంచే గుబులు.

బొమ్మలు వేసే దానివి, ట్యాబ్ నీకు పనికొస్తుంది, కాదనను. స్టైలస్‌తో, అదే తెర మీద రాసే పెన్నుతో, గీస్తుంటే అరచెయ్యి తెరకి ఆనినా గీత చెదరదు. చదువుకోవడానికి, పీడీఎఫ్ అంచుల్లో రాసుకోవడానికి, మీ తాతయ్యతో వీడియో కాల్ మాట్లాడటానికి దాన్ని మించింది లేదు. ఫ్యాన్ రొదా ఉండదు.

కానీ నువ్వు చేరింది అకౌంట్స్‌లో కదే! మీ పెదనాన్న సంగతి నీకు తెలీదు. బరువు మొయ్యలేనని ల్యాప్‌టాప్ ఇంట్లో వదిలేసి, ట్యాబ్ చంకన పెట్టుకుని ఆడిట్‌కి వెళ్లారు. ఎక్సెల్ ఫైలు తెరుచుకుంది, అంకెలన్నీ కనిపించాయి, ధీమాగా కూర్చున్నారు. తీరా నెలవారీ లెక్క తేల్చే బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ నొక్కారు. వేలు తుడుచుకుని మరీ నొక్కారట. ఆ బటన్ వెనకున్నది మాక్రో, అంటే లెక్కలన్నీ వరసగా తనే చేసిపెట్టే చిన్న ప్రోగ్రామ్. ఆయన ట్యాబ్ ఐప్యాడ్, అందులోని ఎక్సెల్ అలాంటి ఫైలు తెరుస్తుంది గానీ మాక్రోని నడపదు. పొద్దుగూకేదాకా కాగితం మీద కూడికలు వేసుకుని, ఇంటికొచ్చి ట్యాబ్‌ని తిట్టారు. తప్పు దానిదా అని అడుగుదామనుకున్నాను. వాడిపోయిన ఆ ముఖం చూసి ఊరుకున్నాను.

ఖరీదైనది కొంటే సరిపోతుందంటావేమో. ఆపిల్ 2021లో ఐప్యాడ్ ప్రోకి తన మ్యాక్ కంప్యూటర్లలో ఉన్న ఎం1 చిప్పే పెట్టింది. అయినా మ్యాక్ సాఫ్ట్‌వేర్ అందులో ఎక్కదు. అడ్డం చిప్పు కాదు, ఆపరేటింగ్ సిస్టమ్, అంటే మొత్తాన్ని నడిపించే మూల సాఫ్ట్‌వేర్. విండోస్‌తో నడిచే మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ ప్రో సంగతి వేరు, అది ట్యాబ్ వేషంలో ఉన్న ల్యాప్‌టాప్. దానికైనా కీబోర్డు సాధారణంగా విడిగా కొనుక్కోవాల్సిందే.

స్టోరేజ్ కొనేటప్పుడే ఎక్కువది తీసుకో, ఐప్యాడ్‌లో మెమరీ కార్డు పెట్టే చోటుండదు.

ఇంకోటి, ఒళ్లో పెట్టుకుని గంటలకొద్దీ వంగి చూడకు. నా మెడనొప్పి నీకొద్దమ్మా. స్టాండ్ నేను కొనిపెడతాను.

ఆఫీసులో ఏయే సాఫ్ట్‌వేర్ వాడతారో రాసి పంపు, ఏవి ట్యాబ్‌లో నడుస్తాయో ఇద్దరం కూర్చుని చూద్దాం. అప్పటిదాకా ఆ ల్యాప్‌టాప్ ఎవరికీ ఇవ్వకు.

పెద్దమ్మ