చుంచు మెదడు మీద పరిశోధన అంటోంది, పంపించాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పాసైంది. నీట్ మళ్లీ రాయనంటోంది. అడవిలో తిరిగే చిన్న జంతువుల మెదడు మీద పరిశోధన చేస్తుందట. ఇందులో బతుకుదెరువు ఉంటుందా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఉంటుందండీ, కానీ ఆలస్యంగా వస్తుంది. దానికి ముందు మీరు సిద్ధపడాలి.

ఉదాహరణకు చుంచునే తీసుకోండి. మన ఇళ్లలో గోడ వారన పరుగెత్తే చుంచు ఎలుక జాతి కాదు, పురుగులు తినే వేరే కుటుంబం. ఆ కుటుంబానికే చెందిన యూరప్ చుంచుకు చలికాలం వచ్చేసరికి పుర్రె, మెదడు కుంచించుకుపోతాయి. వసంతంలో మళ్లీ కొంతవరకు పెరుగుతాయి. పోలండ్ శాస్త్రవేత్త ఆగస్ట్ డేనెల్ 1949లో పుర్రెల్లో ఈ మార్పును వివరించాడు. జర్మనీలోని మాక్స్ ప్లాంక్ అనే పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు అవే జంతువులను పట్టి, ఎక్స్‌రే తీసి వదిలి, మళ్లీ పట్టి చూశారు. పుర్రె ఎత్తు సగటున 15 శాతం దాకా తగ్గిందని 2017లో ప్రకటించారు. చలికాలంలో ఈ చుంచు నిద్రాణస్థితిలోకి వెళ్లదు, పురుగులేమో తక్కువ దొరుకుతాయి. అందుకే ఎక్కువ శక్తి తినే అవయవాన్ని తగ్గించుకుంటోందని భావిస్తున్నారు. ల్యాబ్‌లో మెదడు కోసి చూసేవారు ఒక్కరే దీన్ని తేల్చలేరు, అడవిలో బోన్లు పెట్టేవారు ఒక్కరే కూడా తేల్చలేరు. మీ అమ్మాయి చదువులో ఈ రెండూ ఉండాలి.

ఐసర్ అనే కేంద్ర విజ్ఞాన విద్యాసంస్థల ప్రవేశ పరీక్ష ఐఏటీ రాసి తిరుపతి ఐసర్‌లోనో మరో ఐసర్‌లోనో డిగ్రీ, పీజీ కలిసిన ఐదేళ్ల బీఎస్-ఎంఎస్‌లో చేరగలిగితే అదే నా మొదటి సలహా. లేదంటే జువాలజీతో బీఎస్సీ, ఆపైన డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌లోగానీ బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం ఎన్‌సీబీఎస్‌లోగానీ ఎంఎస్సీ. సీట్లు చాలా తక్కువ, పోటీ గట్టిది. ఏ దారిలో వెళ్లినా స్టాటిస్టిక్స్, కొంత కోడింగ్ తప్పవు. చాలామంది పిల్లలు ఇక్కడే తడబడతారు, ఇప్పటినుంచే మొదలుపెట్టించండి.

ఆ తర్వాత సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధక వేతనం) వస్తే పీహెచ్‌డీ చేస్తూ నెలకు 37 వేలు, దానికి తోడు ఇంటి అద్దె భత్యం. స్థిరమైన ఉద్యోగం ఆ పైమాట: యూనివర్సిటీ, జువలాజికల్ సర్వే, మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ లాంటి సంస్థలు. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్లు దాటవచ్చు. పెళ్లి మాటతో మధ్యలో ఆపించనని ఈ రోజే ఆమెకు చెప్పండి.

ఐదారేళ్లలో ఆమె జీతం ఇంటికి తప్పనిసరైతే బీఎస్సీ తర్వాత బీఎడ్ చేసి డీఎస్సీ రాయమనండి. టీచరైనవారికీ పీహెచ్‌డీ తలుపు మూసుకుపోదు.