కోళ్ల లుకేమియా మీద పరిశోధనకు భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను, మైక్రోబయాలజీ. వైరల్ ఆంకోజీన్లు (వైరస్‌లు మోసుకొచ్చే, క్యాన్సర్ కలిగించే జన్యువులు) కోళ్లలో లుకేమియా, అంటే రక్త క్యాన్సర్, ఎలా తెస్తాయో చదివాక అదే రంగంలో పరిశోధన చేయాలనిపిస్తోంది. ఇంట్లో మాత్రం అది పాత సబ్జెక్ట్, మనుషుల క్యాన్సర్ వైపు వెళ్లమంటున్నారు.

జవాబు: టెన్షన్ పడకండి. మీరు అనుకుంటున్నంత దూరం ఈ రెండు దారుల మధ్య లేదు.

1908లో ఎలర్‌మన్, బాంగ్ అనే శాస్త్రవేత్తలు కోడి లుకేమియాను కణాలు లేని వడపోత ద్రవంతో ఇంకో కోడికి అంటించారు. అంటే జబ్బును మోసింది కణాలు కాదు, వాటికంటే చిన్నదైన వైరస్. లుకేమియాను అప్పట్లో క్యాన్సర్‌గా చూడకపోవడంతో ఆ పనికి రావాల్సిన గుర్తింపు రాలేదు. ఇప్పుడు కోళ్లలో లుకేమియా తెచ్చే ఏవియన్ ఎరిత్రోబ్లాస్టోసిస్ వైరస్‌ను చూడండి. అందులోని ఎర్బ్-బి జన్యువు, బయటి సంకేతం లేకున్నా కణాన్ని విభజన వైపు నెడుతుంది. అందులోనిదే ఇంకో జన్యువు ఎర్బ్-ఎ, ఎర్ర రక్తకణాలను పక్వం కానివ్వదు. రెండూ కలిస్తే రక్తమంతా ముదరని కణాలే. నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఒకటుంది: ఈ జన్యువులు మొదట వైరస్‌వి కావు, కోడి కణాలవే. ఆంకోజీన్లకు మూలం మామూలు కణాల్లోనే ఉందని సార్క్ అనే మరో ఆంకోజీన్‌తో చూపించినందుకే బిషప్, వార్మస్ అనే శాస్త్రవేత్తలకు 1989లో నోబెల్ వచ్చింది. రొమ్ము క్యాన్సర్ చికిత్సలో వినిపించే హెర్2 అనే జన్యువు కూడా ఎర్బ్-బి కుటుంబంలోదే.

కోళ్లలో క్యాన్సర్ తెచ్చే మరో వైరస్, ఏవియన్ ల్యూకోసిస్ వైరస్, పద్ధతి వేరు. దానికి సొంత ఆంకోజీన్ లేదు. కోడి డీఎన్ఏలో, కణాల పెరుగుదలను నడిపే మిక్ జన్యువు పక్కన చేరి దాన్ని అతిగా పనిచేయిస్తుంది, నెలల తర్వాత లింఫోమా (తెల్ల రక్తకణాల క్యాన్సర్) వస్తుంది. మీ కెరీర్‌కు ముఖ్యమైనది ఈ భాగమే. జీన్ థెరపీ (లోపమున్న జన్యువుకు బదులు మంచి జన్యువును కణాల్లోకి పంపే చికిత్స) తీసుకున్న కొందరు పిల్లలకు 2000 తర్వాత లుకేమియా వచ్చింది. ఆ జన్యువును మోసుకెళ్లడానికి వాడిన రెట్రోవైరస్ వెక్టర్ (కణం డీఎన్ఏలో చేరిపోయే రకం వైరస్‌తో చేసిన వాహకం) అచ్చం అలాగే ఎల్ఎంఓ2 అనే జన్యువు దగ్గర చేరడమే అందుకు దారితీసింది. వెక్టర్ ఎక్కడ చేరుతోందో కనిపెట్టే పని తెలిసినవాళ్లు ఇప్పుడు జీన్ థెరపీకి తప్పనిసరి.

కాబట్టి మాలిక్యులర్ బయాలజీ లేదా వైరాలజీలో ఎమ్మెస్సీ చేయండి. సెల్ కల్చర్, క్లోనింగ్‌తోపాటు సీక్వెన్సింగ్ డేటా విశ్లేషణ, కాస్త ప్రోగ్రామింగ్ నేర్చుకోండి. పీహెచ్‌డీకి ఒక్క కోడి వైరస్‌నే పట్టుకోకుండా, రెట్రోవైరస్‌లు లేదా క్యాన్సర్ జన్యువుల మీద పనిచేసే ల్యాబ్ చూసుకోండి. జబ్బు పడిన పక్షుల వైద్యమే మీ మనసులో ఉంటే మాత్రం వెటర్నరీ డిగ్రీ లేకుండా కుదరదు.

ల్యాబ్‌లకు మెయిల్ రాసేటప్పుడు ‘క్యాన్సర్ అంటే ఆసక్తి’ అని వదిలేయకండి. వాళ్ల పేపర్ ఒకటి చదివి, అందులో మీకు తట్టిన ప్రశ్న రాయండి.