యాక్టర్‌గా నమ్మకమైన మేనేజర్‌ని ఎలా వెతుక్కోవాలి? 30 వేలు రిజిస్ట్రేషన్, ఐదేళ్ల అగ్రిమెంట్ అంటున్నారు, సంతకం పెట్టొచ్చా?

మీరు అడిగింది నాకు అర్థమైంది ఇదీ. హైదరాబాద్ కృష్ణానగర్‌లో రూమ్ తీసుకుని సినిమాల్లో ట్రై చేస్తున్నారు, కొన్ని షార్ట్ ఫిల్మ్స్, ఒక వెబ్ సిరీస్‌లో చిన్న రోల్ చేశారు, ఇప్పుడు ఒకాయన టాలెంట్ మేనేజర్‌నని చెప్పి రిజిస్ట్రేషన్‌కి 30 వేలు, వచ్చే ప్రతి పేమెంట్‌లో 20 శాతం, పైగా ఐదేళ్ల ఎక్స్‌క్లూజివ్ అగ్రిమెంట్ (అంటే ఆ ఐదేళ్లు వేరే మేనేజర్ ద్వారా పని చేయకూడదని) అడుగుతున్నాడు. ఆ డబ్బు కట్టకండి బ్రదర్, ఆ పేపర్ మీద సంతకమూ పెట్టకండి. నేను సీరియల్స్‌లో మొదలుపెట్టి ఇప్పుడు సినిమాల్లో అక్క, వదిన క్యారెక్టర్లు చేస్తున్నాను, ఇద్దరు మేనేజర్లతో పని చేశాను, ఇప్పుడున్న ఆయనతో చాలా ఏళ్లుగా ఉన్నాను, కాబట్టి నాకు తెలిసినంతవరకు వివరంగా చెప్తాను, కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఎవరి పని ఏంటో క్లియర్‌గా ఉండాలి. క్యాస్టింగ్ డైరెక్టర్ ప్రొడక్షన్ తరఫు మనిషి, ఆయనకి డబ్బులిచ్చేది నిర్మాత, ఆర్టిస్ట్ దగ్గర రూపాయి తీసుకోకూడదు. మన దగ్గర చాలా సినిమాల్లో ఈ పని కో-డైరెక్టర్లే చూసుకుంటారు. కో-ఆర్డినేటర్ అంటే రేపు ఫలానా లొకేషన్‌కి ఇంతమంది కావాలి అంటే పంపించి, ఆ రోజు పేమెంట్‌లో తన కమిషన్ తీసుకునే మనిషి. మేనేజర్ వేరు. ఆయన మీ తరఫున కూర్చుని రెమ్యునరేషన్ మాట్లాడాలి, డేట్స్ చూడాలి, పేమెంట్ వసూలు చేయాలి, అందుకే ఆయనకి మీ సంపాదనలో వాటా. ఇప్పుడు బోలెడుమంది ఈ మూడూ నేనే అంటున్నారు, అలా అనేవాళ్ల దగ్గర ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే ఒకే మనిషి నిర్మాత దగ్గరా మీ దగ్గరా డబ్బు తీసుకుంటుంటే బేరం దగ్గరికొచ్చేసరికి ఎవరి వైపు నిలబడతాడు చెప్పండి.

ఇంకో మాట, మీకు నచ్చకపోవచ్చు. ఇప్పుడు మీరున్న స్టేజ్‌లో మేనేజర్ అంత అర్జెంట్ కాదు. మేనేజర్ ఉంటే ఛాన్సులు వస్తాయి అనుకుంటాం గానీ చిన్న రోల్స్‌కి కో-డైరెక్టర్లు, క్యాస్టింగ్ వాళ్లు డైరెక్ట్‌గానే ప్రొఫైల్స్ చూస్తారు. ఒక నిమిషం ఇంట్రో వీడియో, రెండు వైపులా ప్రొఫైల్, ఫిల్టర్ లేని ఫోటోలు, రెండు వేర్వేరు మూడ్స్‌లో సెల్ఫ్ టేప్ (మీరే నటించి తీసుకున్న ఆడిషన్ వీడియో), ఇవి రెడీగా పెట్టుకోండి. డేట్స్ క్లాష్ అవ్వడం మొదలైనప్పుడు, పేమెంట్స్ కోసం మీరే ఫోన్లు చేయాల్సి వచ్చి ప్రొడక్షన్‌తో మొహమాటం అయ్యేటప్పుడు, అప్పుడు మేనేజర్ నిజంగా అవసరం. అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఒకటే, ఛాన్సులు ఇప్పిస్తాడా అని చూసి మేనేజర్‌ని పెట్టుకోకండి, డబ్బు లెక్క ఎలా చూపిస్తాడు, డేట్స్ ఎలా హ్యాండిల్ చేస్తాడు అని చూసి పెట్టుకోండి.

డబ్బు విషయం ఎందుకు అంత గట్టిగా చెప్తున్నానంటే, నాతో ఒక సీరియల్‌లో చేసిన ఒకావిడకి జరిగింది. మేనేజర్ రోజుకి 8 వేలు మాట్లాడాను అన్నాడు, డబ్బు ఆయన అకౌంట్‌లో పడేది, తన కమిషన్ పట్టుకుని మిగతాది ఈవిడకి పంపేవాడు. ఏడాది చివర రిటర్న్స్ వేయడానికి ఆడిటర్ దగ్గరికి వెళ్తే ఆయన 26ఏఎస్ (మన పాన్ మీద ఎవరెంత ఇచ్చి ఎంత ట్యాక్స్ కట్టారో చూపించే స్టేట్‌మెంట్) ఓపెన్ చేసి, అమ్మా మీ పాన్ మీద వచ్చిన ఎమౌంట్ మీరు చెప్పేదానికంటే చాలా ఎక్కువ చూపిస్తోంది అన్నాడు. ప్రొడక్షన్ వాళ్లు రోజుకి 12 వేల లెక్కన ఇచ్చి దాని మీద 10 శాతం టీడీఎస్ (పేమెంట్‌లోనే ముందుగా పట్టుకునే ట్యాక్స్) ఈవిడ పాన్ మీదే కట్టారు. అంటే మేనేజర్ రేటే రోజుకి 4 వేలు తగ్గించి చెప్పాడు, మళ్లీ ఆ 8 వేల మీద కమిషన్ కూడా తీసుకున్నాడు. అడిగితే అవి ఆఫీస్ ఖర్చులు అన్నాడు. ఆ డబ్బు తిరిగి రాలేదు, ఆవిడ ఆ సంవత్సరం పాప ఫీజు కోసం గాజులు తాకట్టు పెట్టింది, నాకు ఇప్పటికీ తలుచుకుంటే కడుపు రగిలిపోతుంది.

కాబట్టి పేమెంట్ ఎప్పుడూ మీ అకౌంట్‌కే రావాలి, తర్వాత మీరు మేనేజర్‌కి కమిషన్ ట్రాన్స్‌ఫర్ చేయాలి, ఆయన దానికి బిల్ ఇవ్వాలి. పెద్ద ఏజెన్సీలు కొన్ని తమ కంపెనీ పేరు మీదే బిల్ చేస్తాయి, అది తప్పని కాదు, కానీ అలాంటప్పుడు ప్రొడక్షన్‌తో చేసుకున్న అగ్రిమెంట్ కాపీ మీకు ఇవ్వాలి, ఇన్ని రోజుల్లో మీ వాటా పంపుతాం అని రాతపూర్వకంగా ఉండాలి. 26ఏఎస్ ఇన్‌కమ్ ట్యాక్స్ సైట్‌లో ఫ్రీగా చూసుకోవచ్చు, అప్పుడప్పుడు ఓపెన్ చేసి చూడటం అలవాటు చేసుకోండి. ఇక కమిషన్ 10 నుంచి 20 శాతం మధ్య నడుస్తుంది, 20 అడిగితే మోసగాడు అని కాదు. అయితే బత్తా (రోజువారీ ఖర్చులకిచ్చేది), కన్వేయన్స్ (రానుపోను ఖర్చు) మీద కమిషన్ ఉండకూడదు, మీరు సొంతంగా తెచ్చుకున్న పాత పరిచయాల సినిమాల మీద ఉంటుందా లేదా ముందే తేల్చుకోవాలి, ఇన్‌స్టా ప్రమోషన్స్ కూడా లెక్కలోకి వస్తాయా అడగాలి.

రిజిస్ట్రేషన్ ఫీజు అనేది అసలు లాజిక్‌కే అందదు. మీరు సంపాదిస్తేనే ఆయనకి డబ్బు రావాలి, అప్పుడే మీ కోసం తిరుగుతాడు. ముందే 30 వేలు అందితే ఇక తిరగాల్సిన పనేముంది, ఇంకో పదిమందిని చేర్చుకుంటే సరిపోతుంది కదా. పోర్ట్‌ఫోలియో మా ఫోటోగ్రాఫర్ దగ్గరే తీయించుకోవాలి, మా యాక్టింగ్ వర్క్‌షాప్‌లోనే చేరాలి, 'మా' (మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్) మెంబర్‌షిప్ కార్డు మేమే ఇప్పిస్తాం, ఇవన్నీ అదే దారి. కార్డు గురించి తెలుసుకోవాలంటే ఫిల్మ్ నగర్‌లో మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ ఆఫీస్ ఉంది, మీరే వెళ్లి అడగండి, మధ్యలో ఎవరూ అక్కర్లేదు. పెద్ద బ్యానర్ పేరు వాడి వాట్సాప్‌లో సెలెక్ట్ అయ్యారు, కాస్ట్యూమ్ డిపాజిట్ కట్టండి అని వస్తే ఆ బ్యానర్ అఫీషియల్ పేజ్‌లో చెక్ చేయండి, ఇప్పటికే డబ్బు పంపేసి ఉంటే వెంటనే 1930 సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్‌కి కాల్ చేయండి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

అగ్రిమెంట్ సంగతి. ఐదేళ్లు చాలా ఎక్కువ, మొదట ఒక ఏడాదికి చేసుకోండి, ఇద్దరిలో ఎవరైనా నోటీస్ ఇచ్చి బయటికి రావచ్చు అనే క్లాజ్ పెట్టించండి. మీ తరఫున ఆయనే సంతకాలు పెట్టేలా పవర్ ఆఫ్ అటార్నీ అస్సలు ఇవ్వకండి. కొందరు బెదిరిస్తారు, మమ్మల్ని వదిలేస్తే ఇంకెక్కడా పని చేయలేవు అని. అగ్రిమెంట్ నడుస్తున్నంత కాలం ఎక్స్‌క్లూజివ్ షరతుకి మామూలుగా కట్టుబడాల్సిందే, కానీ గడువు అయిపోయాక కూడా వేరేవాళ్లతో పని చేయకూడదు అనే షరతు 1872 నాటి ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్ సెక్షన్ 27 కింద చెల్లదు. క్రికెటర్ జహీర్ ఖాన్ మీద ఆయన పాత మేనేజ్‌మెంట్ కంపెనీ ఇలాంటి కేసే వేసింది, కాంట్రాక్ట్ అయిపోయినా ఇంకొకరితో కుదుర్చుకునే ముందు మాకే ఛాన్స్ ఇవ్వాలి అనేది వాళ్ల వాదన, 2006లో సుప్రీంకోర్టు జహీర్ వైపే తీర్పిచ్చింది. సంతకానికి ముందు ఒక లాయర్‌కి చూపించండి, ఆ ఫీజు దండగ కాదు.

మరి మంచివాళ్లు ఎలా దొరుకుతారు అంటే, యాడ్స్‌లో దొరకరు, సెట్‌లో దొరుకుతారు. ప్రొడక్షన్ మేనేజర్లని, కో-డైరెక్టర్లని, మీతో చేసిన సీనియర్ ఆర్టిస్టులని అడగండి, ఫలానా మేనేజర్ డేట్స్ ఇస్తే నిలబడతాడా, పేమెంట్ దగ్గర క్లియర్‌గా ఉంటాడా అని. ప్రొడక్షన్ వాళ్లకి ఎవరు ఎలాంటివాళ్లో బాగా తెలుసు. అలాగే ఆయన దగ్గర ఇప్పుడున్న ఇద్దరితో పాటు, ఆయన్ని వదిలేసి వెళ్లిన ఒకరితో కూడా మాట్లాడండి, ఎందుకు వదిలేశారో వాళ్లు చెప్పే తీరులోనే సగం తెలిసిపోతుంది.

నేను ఇప్పుడున్న ఆయన్ని నమ్మింది ఎక్కడో చెప్తాను. ఒకసారి సీరియల్ షెడ్యూల్ వెనక్కి జరిగి సినిమా డేట్స్ మీద పడింది. మామూలుగా అయితే ఆర్టిస్ట్‌కి జ్వరం అని ఒక వైపు చెప్పేస్తారు. ఈయన సెట్ బయట చెట్టు కింద నిలబడి, నా ఎదురుగానే స్పీకర్‌లో పెట్టి సినిమా కో-డైరెక్టర్‌కి ఫోన్ చేసి, సార్ మావల్ల క్లాష్ వచ్చింది, అబద్ధం చెప్పను, 14వ తేదీ మధ్యాహ్నం వరకు సీరియల్‌కి ఇచ్చేసి రెండు గంటలకి మీ లొకేషన్‌లో మేకప్‌తో ఉంటుంది, కాంబినేషన్ సీన్ (మిగతా ఆర్టిస్టులతో కలిసి చేసే సీన్) అప్పటికి పెట్టుకోగలరా అన్నాడు. అవతలాయన తిట్టాడు, ఈయన నిలబడి విన్నాడు, చివరికి ఒప్పుకున్నాడు. ఆ కో-డైరెక్టర్ తర్వాతి సినిమాకి నన్నే పిలిచాడు.

ఇంకా, రాత్రిపూట మీటింగ్‌లు, హోటల్ రూమ్‌లో ఆడిషన్, ఎవరినీ వెంట తీసుకురావద్దు, ఇలాంటి మాట వస్తే అమ్మాయిలైనా అబ్బాయిలైనా అక్కడితో ఆపేయండి, ఆ మేనేజర్ ఎంత పెద్దవాళ్లతో ఫోటోలు దిగి ఉన్నా సరే. పగలు, ఆఫీస్‌లో, ఫ్రెండ్‌ని పక్కన పెట్టుకుని మాట్లాడటానికి మంచి మేనేజర్ ఎవరూ అభ్యంతరం చెప్పరు.

మీకు వచ్చిన అగ్రిమెంట్‌లో పేర్లు, నంబర్లు చెరిపేసి క్లాజ్‌లు ఇక్కడ పెట్టండి, ఏది మార్పించుకోవాలో నాకు తెలిసినంతవరకు చెప్తాను.